కాంచనపుష్పగ్రంథము: వెలుఁగు తిరుగుటయా, మరలుటయా?

క్రీ.శ. 647 వ సంవత్సరమునఁ జీనాదేశపు రాజధానియగు చాంగాన్ నగరమున నొక్క పదమును గుఱించి పండితులకు వాదము జరిగెను. కామరూపాధిపతి లావోజు గ్రంథమును సంస్కృతమునఁ జదువఁగోరెననియు, చక్రవర్తి యా పనిని హ్యుయాన్‌త్సాంగున కప్పగించెననియుఁ జీనావారు వ్రాసియుంచిరి. ఈ హ్యుయాన్‌త్సాంగు మనకుఁ గ్రొత్తవాఁడు కాఁడు. అంతకుఁ గొన్నియేండ్లు ముందు మన యాంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమునఁ గొన్ని నెలలు నిలిచి, మహాసాంఘికుల యభిధర్మమును జదివిపోయినవాఁడు. ‘తావో’ యను పదమునకు సంస్కృతమున ‘బోధి’ యని వ్రాయవలెనని తావోమతపండితులు పట్టుపట్టిరి. పూర్వము బౌద్ధులే బోధిని ‘తావో’ యని చీనాభాషలోనికిఁ దెచ్చిరి గదా, యిప్పు డదే త్రోవను వెనుకకుఁ బోవుట కడ్డమేమి యని వారి తర్కము. హ్యుయాన్‌త్సాంగు ‘మార్గ’మనియే వ్రాయవలె ననెను. బోధి యనఁగా మేలుకొనుట. తావో యనఁగాఁ ద్రోవ. శబ్దమునుబట్టి చూచినచో నాతని పక్షమే సరియైనది.

అయితే యా కథకు రెండవ భాగ మొకటి గలదు. లావోజు గ్రంథము గహనమైనది కావున దాని పీఠికను గూడ ననువదింపుమని తావోపండితులు కోరిరి. ఆ పీఠికలోఁ బండ్లను దాటించుట, నోట నూఱిన జలమును మ్రింగుట మొదలగు శరీరసాధనములు చెప్పఁబడియుండెను. హ్యుయాన్‌త్సాంగు సమ్మతింపలేదు. ఇట్టి మోటుమాటలు విదేశమున వినఁబడినచో స్వదేశమునకుఁ దలవంపులని యాతని భయము. ఆ సంస్కృతానువాదము నేఁడు మనకు దక్కలేదు. దక్కియుండినను, సాధనభాగము లేని లావోజునే మనము చూచియుందుము.

ఈ వ్యాసమునకు విషయము లావోజు కాదు. వేయేండ్ల తరువాతఁ బుట్టిన యొక చిన్నగ్రంథము. ఐనను ఆ దినమునఁ జాంగానులోఁ బుట్టిన ప్రశ్నలు రెండును దీనియందును వెన్నాడుచున్నవి. ఒక సాధనపదమునకు వేఱుభాషలోఁ గల సాటిపద మేది? సాధన చేయనివాఁడు దానిని నిర్ణయింపఁగలఁడా?

గ్రంథము పేరు ‘తాయ్ ఇ జిన్ హువా జోంగ్ జి’. దీనిని గాంచనపుష్పగ్రంథమందము. లూ దోంగ్‌బిన్ అను సిద్ధుఁడు భక్తుల చేతిలోని లేఖినియం దావేశించి దీనిఁ జెప్పెనని ప్రసిద్ధి. ఆ లేఖనము జరిగిన కాలము పదునేడవ శతాబ్దపు రెండవ సగము. చీనాలో దీనికిఁ బాఠములు పెక్కులు గలవు. రిచర్డ్ విల్‌హెల్మ్ అను జర్మనుపండితుఁడు, క్రైస్తవప్రబోధకుఁడుగఁ జీనాకుఁ బోయి యచ్చటి శాస్త్రములకు శిష్యుఁడై తిరిగివచ్చినవాఁడు, దీనిని 1929 లో జర్మనుభాషలోఁ బ్రకటించెను. మనస్తత్త్వవేత్తయగు యూంగ్ దానికి వ్యాఖ్య వ్రాసెను. 1931 లోఁ గేరీ బేన్స్ దాని నాంగ్లమునకు మార్చెను. నేఁటికిని లోకము దీనిని గుఱించి తలంచునది చాలవఱ కీ మూఁడు చేతులమీఁదుగా వచ్చినదే. విల్‌హెల్మునకు దొరకిన ముద్రణమునఁ బదుమూఁ డధ్యాయము లుండఁగా నాతఁ డెనిమిదింటిని మాత్రమే తెనిఁగించి, కాదు, జర్మనీకరించి విడిచెను. 1991 లో థామస్ క్లియరీ యను నమెరికాపండితుఁడు పూర్ణమైన యనువాదమును బ్రకటించుచు, విల్‌హెల్ముది చెడిన పాఠమనియు నర్థము పెక్కుచోట్లఁ దప్పినదనియుఁ దీవ్రముగా నాక్షేపించెను.

ఆ తప్పులలో నెల్ల నొక్కటే నాకు ముఖ్యముగఁ దోఁచుచున్నది. గ్రంథమున కంతటికిఁ బ్రాణమైన పదము ‘హుయి గ్వాంగ్’. గ్వాంగ్ అనఁగా వెలుఁగు. ‘హుయి’ యను క్రియకుఁ ‘దిరిగివచ్చు, మరలు’ నని ప్రసిద్ధార్థము. ‘చుట్టు తిరుగు’ నని కూడఁ జెప్పవచ్చును. దాని యక్షరమే చతురములో మఱియొక చతురము వ్రాసినట్లుండును. విల్‌హెల్ము రెండవ యర్థమును గైకొని ‘వెలుఁగుయొక్క పరిభ్రమణ’మనెను. క్లియరీ మొదటిదానిని గైకొని ‘వెలుఁగును వెనుకకు మరలించుట’ యనెను. ఒకఁడు చక్రమును జూపెను, ఒకఁడు త్రిప్పిన ముఖమును జూపెను.

ఇది కేవలము నిఘంటుకలహమైనచో నీ పత్రిక పుటలు పాడుచేయఁబనిలేదు. కాని యీ గ్రంథము కావ్యము కాదు. కావ్యమునఁ దప్పర్థము గ్రహించిన పాఠకుఁడు రసభంగమును మాత్రమే పొందును. ఇందుఁ దప్పర్థము గ్రహించినవాఁడు తప్పుగాఁ గూర్చుండును, తప్పుగా నూపిరి విడుచును, నెలలకొలఁది లేనిదానిని దేహమునఁ ద్రిప్ప యత్నించును.

నా మాటనే చెప్పెదను. బేన్స్ యాంగ్లమును జదివినదినములలో నేనును గొన్ని మాసములు వెలుఁగును శరీరమునఁ జుట్టు త్రిప్పుచున్నట్లు భావించుచుఁ గూర్చుంటిని. ఫలము మెడనొప్పి. అటుపిమ్మట నదే గ్రంథమున మూఁడవ యధ్యాయమును నెమ్మదిగఁ జదివితిని. అందు వెలుఁగనఁగా విశేషముగఁ గన్నులలోని వెలుఁగు. అది సదా వెలికిఁ బాఱుచుండును; దానిని పుట్టినచోటునకు మరలింపవలెను. త్రిప్పుట యను భావ మచ్చట నాకుఁ గనఁబడలేదు. ఒక్క మెడనొప్పి శబ్దార్థనిర్ణయమునకుఁ బ్రమాణ మగునా యని పండితులు నవ్వవచ్చును. కాదు. ఐనను నన్ను మూలముకడకు మరల నడిపించిన దదియే.

మూలమున నిదర్శనము మఱియొకటి గలదు. సాధకుఁడు కన్నులు వాల్చి ముక్కుకొనను జూడవలెనని గ్రంథము చెప్పును. వెంటనే ముక్కుకొనయం దేమియు లేదనియుఁ జెప్పును. కన్నులు మిక్కిలి తెఱచినఁ జూపు వెలికిఁ బోవును, మిక్కిలి మూసిన మబ్బు క్రమ్మును. రెంటికి నడుమ నిలుచుటకు ముక్కొక కొలత. గోడకట్టువాఁడు మొదటనే దారమును వ్రేలాడఁగట్టి దానిననుసరించి కట్టుకొనిపోవును గాని పని మాని దారమునే చూచుచుఁ గూర్చుండఁడు గదా యని యుపమానము. ఈ తావు చదివినపుడు నాకు భగవద్గీత యాఱవ యధ్యాయమున నాసికాగ్రదృష్టిని గుఱించిన శంకరభాష్యము స్ఫురించెను. అచ్చట భాష్యకారులు ‘చూచుచున్నట్లు’ అని ‘ఇవ’ శబ్దము నధ్యాహరింతురు. ముక్కుకొనను జూచుటయే విధియైనచో మనస్సచ్చటనే నిలుచును గాని యాత్మయందు నిలువదు. ఉద్దిష్టమైనది చూపుయొక్క నిలుకడ మాత్రమే యని వారి సమాధానము. ఎనిమిది తొమ్మిది శతాబ్దముల యెడముతో, నొకరినొక రెఱుఁగని యిద్దఱు బోధకులు శిష్యుని యదే తప్పును ముందుగఁ జూచి దిద్దిరి. శిష్యు లెల్లెడల నొక్కతీరునఁ దప్పుచేయుదురు కాఁబోలు! ఈ దిద్దుబాటు పుస్తకమునుండి పుస్తకమునకు వచ్చినది కాదు. కూర్చున్నవానిని జూచిన కంటినుండి వచ్చినది.

మఱియు ‘వెలుఁగును మరలించి వెనుకకుఁ బ్రకాశింపఁజేయుట’ యను నుడి చీనాలోని బౌద్ధధ్యానసంప్రదాయమున, నేఁడు లోకము జెన్ అని పిలుచుదానియందు, బహుకాలమునుండి వాడుకలో నున్నది. కాంచనపుష్పకారుఁడు దానినే గైకొనెననుటకు సందేహము లేదు. ఇందుచేతఁ గ్లియరీ పక్షమును నేను గైకొనుచున్నాను. కాని యాతనియందును బక్షపాతము గలదు. గ్రంథము నంతటిని జెన్‌బోధగాఁ జూపవలెనను తమకమున, దేహమునకుఁ జెందిన నీరు, నిప్పు, గర్భధారణము మొదలగు తావోసంకేతముల నాతఁడు పలుచన చేసెను. విల్‌హెల్ముని తప్పునకును గారణము లేకపోలేదు. తావోయోగులలో వెన్నువెంబడి పైకి, ఱొమ్మువెంబడి క్రిందికి ‘చి’ని నడుపు సాధన మొకటి నిజముగనే యున్నది. ఆతఁ డొకదాని పేరు వేఱొకదాని కంటఁగట్టెను, అంతే.

యూంగ్ వ్యాఖ్య వేఱొకవిధమైన కథ. విల్‌హెల్ము 1928 లోఁ బంపిన వ్రాఁతప్రతిని జూచినపుడు, తాను రోగులయందును దనయందును గన్న మండలచిత్రముల కిందు సమర్థన దొరకినదని యాతఁడు సంతోషించెను. పరిభ్రమణమను పద మాతని మండలమునకుఁ జక్కఁగ నతికినది. పాశ్చాత్యులీ సాధనమును గ్రుడ్డిగ ననుకరింపరాదని హెచ్చరించుట యాతని వివేకము. కాని తన సంతోషమునకు మూలమైన పద మనువాదకుని యూహ గావచ్చునను శంక యాతనికిఁ గలుగలేదు.

ఇంక మనవారి సంగతి. తావోయోగమును గుఱించి మాటాడునపుడు మన పండితులలోఁ బెక్కురు ‘చి’ యనఁగాఁ బ్రాణము, ‘జింగ్’ అనఁగా రేతస్సు, ‘షెన్’ అనఁగా నాత్మ యని మూఁడుమాటలతో ముగింతురు. విల్‌హెల్ము ‘హున్’, ‘పో’ యను రెండు జీవాంశములకు ‘అనిమస్’, ‘అనిమా’ యను లాటినుపదములను వేసినట్టిదే యీ పనియు. ‘చి’ని దెలుపు నక్షరమున బియ్యపుగుఱుతుపై నావిరిగుఱుతు గలదు. ‘జింగ్’ అక్షరమునందును బియ్యమే. చక్కఁగ దంచి తెల్లచేసిన బియ్యమని దాని పూర్వార్థము. చీనావాఁడు వానను, ఎండను జెప్పుటకును ‘చి’ యనును, కోపమును జెప్పుటకును ‘చి’ యనును. మన ప్రాణ మైదుగా విడి వాయువులై శరీరమునఁ బనిచేయును; ఆకాశపుమబ్బును బ్రాణమని మన మెన్నఁడు నందుము? రెంటికిని సంబంధము లేదనుట నా తాత్పర్యము కాదు. ‘ప్రాణ’మని వ్రాసినతోడనే పాఠకుఁడు తనకుఁ దెలిసినదే యిదియని యూరకుండును. ‘చి’ యని యుంచినచో నడుగును.

గౌరన నవనాథచరిత్రము చదివి, శ్రీశైలమును సిద్ధస్థానముగ నెఱిఁగిన మనకు రసవాదము, పాదరసము, కాయసిద్ధి వింతమాటలు కావు. 1075 ప్రాంతమున జాంగ్ బోదువాన్ వ్రాసిన ‘వు జెన్ పియెన్’ పద్యములలో సీసము, పాదరసము, పొయ్యి యనునవి యన్నియు దేహములోని సంకేతములు. వానిని జూచి మన రసశాస్త్రమే యని త్వరపడువారును గలరు. అదియు నిట్టి తొందరయే.

అయినచో సాధకుని యనుభవమే ప్రమాణమా? దీనికిని గ్రంథము సమాధానము చెప్పుచున్నది. ఆఱవ యధ్యాయమున సాధన ఫలించుచున్నదనుటకు గుఱుతులు చెప్పఁబడినవి: మనుష్యుల మాటలు దూరమునుండి లోయలోఁ బ్రతిధ్వనించినట్లు స్పష్టముగ వినఁబడుట, కన్నులయెదుట నంతయుఁ దెల్లనై మేఘమధ్యమున నున్నట్లు తోఁచుట, దేహము తేలికయై పైకిఁ దేలుచున్నట్లుండుట. శ్వేతాశ్వతరోపనిషత్తునందు మంచు, పొగ, మిణుఁగురు, స్ఫటికము మొదలగునవి యోగికి ముందుగఁ గనఁబడునని చెప్పిన పట్టు పాఠకులకుఁ దోఁపక మానదు. కాని గ్రంథకారుఁ డీ గుఱుతు లందఱకు నొక్కటిగ నుండవనియు, నీరు త్రాగినవానికే దాని చల్లఁదన మెఱుకపడుననియుఁ జెప్పి విడుచును. ఇది యనుభవమునకుఁ బట్టము గట్టుటగాఁ గొందఱు చదివిరి. నాకట్లు తోఁపదు. నీరు చల్లనో వెచ్చనో త్రాగినవాఁడు చెప్పఁగలఁడు. ‘హుయి’ యను పదమున కర్థ మాతఁడు త్రాగి చెప్పలేఁడు. మబ్బువలెఁ దెల్లఁదనము కన్నవాఁడు, తాను వెలుఁగును ద్రిప్పుటచేతనే కంటినని నిశ్చయముగఁ బలుకవచ్చును. వాని చూపు నిజము, వాని వ్యాకరణము తప్పు.

దీనికంటె నుపయుక్తమైన పరీక్ష నాలుగవ యధ్యాయమునఁ గలదు. ఊపిరిని జెవితో వినవలెను, వినఁబడినచో నది యింకను మోటుది, వినఁబడకుండునంతవఱకు నెమ్మదింపవలెను. సాధకునికిఁ గలుగు దోషములు రెండు: చిత్తము చెదరుట, చిత్తము మఱఁగుట. గౌడపాదులు కారికలలో విక్షేపమనియు లయమనియుఁ బిలిచినవి యివియే. మనవారు రెంటికిని జికిత్స చెప్పిరి. చీనాగ్రంథము రెంటిలోఁ దారతమ్యముఁ గూడఁ జెప్పును. చెదరినవాఁడు తాను చెదరితినని యెఱుఁగును గావున మరలవచ్చును. మఱఁగినవానికి నొప్పిలేని తిమ్మిరి వ్యాధివలెఁ దన దోషమే తెలియదు. ఈ యొక్క భేదమును దెలిసికొనుటకైనను మనవా రీ పుస్తకమును జదువవలసియున్నది. ఇచ్చట సమానపదము లుంచుకొని చదువుటలోఁ దప్పులేదు. ఏలయనఁగా రెండు తావులందును వర్ణింపఁబడిన క్రియ యొక్కటియే, కావున సరిపోల్చి చూడవచ్చును. ‘చి’కిని బ్రాణమునకును సరిపోల్చుటకు మనయొద్ద నట్టి క్రియ లేదు, పేరులు మాత్రమే యున్నవి.

జువాంగ్‌జు గ్రంథమున నొక కథ గలదు. రాజు పుస్తకము చదువుచుండఁగాఁ జక్రములు చేయు ముదుసలి వడ్రంగి వచ్చి, యది చచ్చినవారి పిప్పి యనెను. రాజు కోపించెను. ఆకు బిగువుగను వదులుగను గాకుండఁ జెక్కుట తన చేతికిఁ దెలియును గాని, నోటఁ జెప్పి కొడుకునకు నేర్పలేకపోతిననియు, డెబ్బదియేండ్లు వచ్చియుఁ దానే చెక్కుచున్నాననియు వాఁడు బదులుచెప్పెను. సాధకులు పండితులను వెక్కిరించుట కీ కథను వాడుదురు. ఆ వడ్రంగిని మన కెఱిఁగించినది పుస్తకమే యని వారు మఱతురు.

కాంచనపుష్పగ్రంథము తెలుఁగున రావలెనని నా కోరిక. ఆంగ్లమునుండి కాక చీనామూలమునుండి, పదుమూఁడధ్యాయములును రావలెను. అనువాదకుఁడు సిద్ధుఁడు కానక్కఱలేదు. కాని యూపిరిని వినుట యను వాక్యమును దెనిఁగించుటకు ముందు కొన్ని దినములైనఁ దన యూపిరిని దాను వినవలెను. ‘హుయి గ్వాంగ్’ను ‘వెలుఁగును మరలించుట’ యని వ్రాయవలెను. కఠోపనిషత్తునందు వెలికిఁ బాఱు చూపును లోనికి మరల్చిన ధీరుని గుఱించి చదివిన తెలుఁగుపాఠకునకు దీనిని బోధించుట కష్టము కాదు. ‘చి’, ‘జింగ్’, ‘షెన్’ పదములను యథాతథముగ నుంచి, మొదటిచోట నర్థమును వివరించిన చాలును.

ఎవ్వఁడైనను హ్యుయాన్‌త్సాంగు వదలిన యా పీఠికను గూడఁ దెనిఁగించిన మఱియు సంతోషము. నోటినీటిని మ్రింగుమను మాట విని భారతీయులు నవ్వుదురని యాతఁడు భయపడెను. అటుతరువాత మన హఠయోగులే నాలుకను వెనుకకు మడిచి తాలువునుండి జాఱు నమృతమును గ్రోలుఁడని ఖేచరీముద్రను వ్రాసిరి. హఠప్రదీపికను జదివిన మన పండితు లెవ్వరును నవ్వలేదు.