దోమల తైలాలు – ఒక విమర్శ

దోమలను తరిమే సుగంధ తైలాలను మెచ్చుకొనేవారు "ప్రకృతి సిద్ధం, కనుక నిరపాయం" అంటూ ఉంటారు. ఆ 'కనుక'తోనే మన తగవు. ఉమ్మెత్త కూడా ప్రకృతి సిద్ధమే గదా!

సిట్రొనెల్లా గడ్డి నూనె దోమను తరుముతుందనుట అబద్ధం కాదు. ఎంతసేపన్నదే ప్రశ్న. తైలం ఆవిరియై చర్మాన్ని ఆవరించినంతసేపే దోమ దూరంగా ఉంటుంది. ఆవిరి కావడమంటే తరిగిపోవడమే. కాగితంపై ఒక చుక్క కొబ్బరినూనె, మరొక చుక్క ఈ తైలం వేసి మర్నాడు చూడండి. మొదటిదాని జిడ్డుమరక నిలిచే ఉంటుంది; రెండవది దాదాపు కనబడదు. 2002లో ఫ్రాడిన్, డే ప్రకటించిన ప్రయోగాలలో సిట్రొనెల్లా మందులు సగటున 20 నిమిషాలైనా కాపాడలేదు, 23.8 శాతం డీట్ సుమారు 5 గంటలు కాపాడినది. సీసాపై వెదకవలసినది ఆకు బొమ్మను కాదు, ఇటువంటి అంకెను.

పేరుతో వచ్చే పొరపాటు మరొకటి. నిమ్మవాసన గల యూకలిప్టస్ నుండి తయారుచేసే మందులో పీ.ఎం.డీ. అనే పదార్థం ఉన్నది. అది నెమ్మదిగా ఆవిరవుతుంది, కనుక ఎక్కువసేపు పనిచేస్తుంది. జలుబుకు మన ఇళ్లలో వాడే నీలగిరి తైలం అది కాదు. ఆ తైలాన్ని పసివారు మింగితే మూర్ఛ రావచ్చును. పీ.ఎం.డీ.ని సైతం మూడేండ్లలోపు పిల్లలకు పూయరాదు.

చిక్కని తైలాన్ని నేరుగా రాస్తే చర్మం మండవచ్చును, దద్దుర్లు లేవవచ్చును. కొబ్బరినూనెలో పలుచచేసి, ముంజేతిపై కొద్దిగా రాసి ఒకరోజు చూడాలి. కండ్లకు, పుండ్లకు తగలనీయరాదు. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. ఉదయం ఇంట్లో రాసి పంపిన సిట్రొనెల్లా నూనె, పిల్లవాడు బడిలో మొదటి పాఠం వినేసరికే బలం కోల్పోయి ఉంటుంది.