కలిసొచ్చిన ఇల్లేనా?

విశాఖలో, ఎంవీపీ (మువ్వలవానిపాలెం) కాలనీలో అమ్మానాన్నల ఫ్లాటు అమ్మకానికి పెట్టాం. మొన్న ఆదివారం మూడు కుటుంబాలు వచ్చి చూసి వెళ్లాయి. ముందురోజు రాత్రి డల్లాస్ నుంచి చెల్లి ఫోన్ చేసి అక్కడి పద్ధతి చెప్పింది. ‘ఓపెన్ హౌస్’ రోజున ఇంటివాళ్లు బయటికి వెళ్లిపోతారట. గోడల మీది సొంత ఫొటోలన్నీ తీసేస్తారట. వచ్చినవాళ్లకి అది తమ ఇల్లే అనిపించాలి కదా మరి! మా బ్రోకరుదీ దాదాపు అదే మాట. “హాల్లో దండేసిన ఫొటో ఉంది కదండీ, ఆ ఒక్కటీ లోపల పెట్టించెయ్యండి” అన్నాడు.

అది నాన్న ఫొటో. సరేననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇల్లు సర్దడానికి రెండు వారాలు పట్టింది. అటక మీంచి దించిన సామానే ఆటో నిండా అయింది. అసలు పని మాత్రం ఉప్పుతోనే. నాన్న పోర్టులో పనిచేసేవారు. వన్‌టౌన్‌లో అద్దెకున్న రోజుల్లో అమ్మ పోరంతా పోర్టు నుంచి లేచే నల్ల దుమ్ముతో. ఈ మువ్వలవానిపాలెం వచ్చాక దుమ్ము తగ్గింది, ఉప్పుగాలి మొదలైంది. కిటికీ ఊచలు, బాల్కనీ గ్రిల్లు, తలుపు బందులు, ఏ ఇనుమునీ అది వదల్లేదు. ఏటా సంక్రాంతికి ముందు నాన్న లుంగీ ఎగ్గట్టి, ఉప్పుకాగితంతో గ్రిల్లంతా రుద్ది రెడ్ ఆక్సైడ్ పూసేవారు. ఆయన పోయిన ఈ మూడేళ్లలో ఆ పని ఎవరం చేయలేదు. గ్రిల్లు ఆ సంగతి దాచలేదు.

బాల్కనీ కప్పయితే పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. గాలిలోని ఉప్పు మెల్లగా కాంక్రీటులోకి దిగుతుంది, లోపలి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అందుకే అది లోపలి నుంచే సిమెంటుని చీల్చుకుని బయటికొస్తుంది. దేశంలో సముద్రం ఒడ్డున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం మా ఊళ్లోనే ఉంది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. అలాంటి ఊళ్లో ఇనుము ఇంత త్వరగా చివికిపోవడం చూస్తే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రంగుల మేస్త్రీ వచ్చి చూశాడు. “లప్పం పెట్టి రెండు కోటింగులు ఏసేస్తే ఏటీ కనపడదమ్మా. వానలొచ్చేదాకా ఢోకా లేదు” అన్నాడు.

కొనుక్కున్నవాళ్లకి వానలు రావా?

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 55వ సెక్షన్ ఉంది. కొనేవాళ్లకి తెలియనిది, మామూలు జాగ్రత్తతో చూస్తే బయటపడనిది, అలాంటి ముఖ్యమైన లోపమేదైనా అమ్మేవాడికి తెలిసి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, చెప్పి తీరాలి అంటుంది. లప్పం కింద తుప్పు అచ్చంగా అలాంటిదే. చట్టం సంగతి అటుంచినా, ఆ కప్పు కింద రేపు ఎవరి పసిబిడ్డో ఆడుకుంటుంది. పెచ్చులన్నీ సుత్తితో కొట్టించాం. చువ్వల్ని వైరు బ్రష్షుతో గీకించి, తుప్పు పట్టకుండా మందు పూయించి, కొత్తగా పూత వేయించాం. ఖర్చు అనుకున్నదానికి రెట్టింపయింది. అయినా బాధ లేదు.

వెనక గదిలో గోడ ఒకటి మాత్రం మా వల్ల కాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు వాన అడ్డంగా కొట్టింది. స్లైడింగ్ కిటికీ సందుల్లోంచి నీళ్లు గదిలోకి చిమ్మాయి. అప్పటి మరక ఎన్ని రంగులేసినా మళ్లీ పైకి తేలుతూనే ఉంది. ఈసారి దాని మీద రంగు వేయించలేదు.

లింకు డాక్యుమెంట్లు, ఈసీ, జీవీఎంసీ పన్ను రసీదులు ఒక ఫైల్లో పెట్టి టీపాయ్ మీద ఉంచాం. ఆషాఢం రాకముందే తేల్చేయాలని బ్రోకరు తొందర.

రెండో కుటుంబంలో కొడుకు కాగితాలు చూస్తున్నాడు. అతని తల్లి మాత్రం నేరుగా మా అమ్మ పక్కన కూర్చుని, “ఈ ఇల్లు మీకు కలిసొచ్చిందా వదినగారూ?” అని అడిగింది.

అమ్మ గోడ మీది నాన్నని చూపించింది. “ఈయన ఈ ఇంట్లో ఉండగానే రిటైరయ్యారు. ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లూ ఈ గడపలోంచే చేశాం. చివర్లో ఆ కిటికీ పక్కనే మంచం వేయించుకున్నారు, గాలి బాగుంటుందని.”

బ్రోకరు నా వంక చూశాడు. ఆవిడ లేచి ఫొటోకి దణ్ణం పెట్టుకుంది.

తర్వాత అమ్మ ఆవిడ కోడల్ని వెనక గదిలోకి తీసుకెళ్లి మరక చూపించింది. “తుపాను కబురు వింటే ఈ కిటికీ కింద పాత దుప్పటి చుట్టి పెట్టుకోవాలమ్మా. మిగతా గదులకేం కాదు.”

ఆ అమ్మాయి కిటికీ గట్టు మీద వేలితో రాసి చూసుకుంది. “ఉప్పు” అంది.

“రోజూ తుడవాలి” అంది అమ్మ.