మూడు శాతం: బర్మా సర్వే చదువుతూ మన లెక్కల గురించి

మయన్మార్‌లో మొట్టమొదటి జనాభా, ఆరోగ్య సర్వే 2015 డిసెంబరులో మొదలై 2016 జులైలో ముగిసింది. నివేదిక 2017 మార్చిలో అచ్చయింది. ఆ దేశపు ఆరోగ్య, క్రీడల మంత్రిత్వ శాఖ చేయించింది. అమెరికా డబ్బు, ఐసీఎఫ్ అనే అమెరికన్ సంస్థ సాంకేతిక సాయం తోడయ్యాయి. పన్నెండున్నర వేల ఇళ్ళు తిరిగి, 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలు 12,885 మందిని, మగవాళ్ళు 4,737 మందిని ప్రశ్నించారు. పిల్లలు, టీకాలు, దోమతెరలు, రక్తహీనత అన్నీ అయ్యాక చివరి అధ్యాయాల్లో గృహహింస వస్తుంది. పదిహేనేళ్ళు దాటాక ఎప్పుడైనా శారీరక హింసకు గురయ్యామన్న స్త్రీలు 15 శాతం. జీవితంలో ఎప్పుడైనా లైంగిక హింసకు గురయ్యామన్నవాళ్ళు 3 శాతం.

కథల సంకలనంలో సర్వే నివేదిక మీద విమర్శ ఏమిటని ఎవరైనా అడగొచ్చు. నిజానికి నివేదికను కూడా కథను చదివినట్టే చదవాలి. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, చెప్పేటప్పుడు పక్కగదిలో ఎవరున్నారు, చెప్పాల్సినవాళ్ళలో ఎవరు చెప్పకుండానే పోయారు అన్న ప్రశ్నలు అంకెలకూ వర్తిస్తాయి. ఈ మూడు శాతం అంకె మరీ చిన్నదిగా ఉంది కాబట్టి ఎక్కువగా వర్తిస్తాయి.

చిన్న అంకెతో వచ్చే చిక్కు ఊరట. సరిగ్గా అదే కాలంలో, దాదాపు అవే ప్రశ్నలతో మన దేశంలో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లైంగిక హింసను చెప్పుకున్నవాళ్ళు 6 శాతం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బర్మా ఆడది మన ఆడదానికన్నా రెండింతలు సురక్షితం అనిపిస్తుంది. అనుకోవడానికి పాత సాక్ష్యాలూ ఉన్నాయి. బర్మా స్త్రీ స్వతంత్రురాలని, బజారు ఆమెదేనని, ఆస్తి ఆమె పేరనే ఉంటుందని 1898లో ఫీల్డింగ్ హాల్ అనే తెల్ల అధికారి పుస్తకం నిండా మెచ్చుకున్నాడు. రంగూన్ బజారులో ఇప్పుడు చూసినా ఆ మాట పూర్తిగా అబద్ధం కాదనిపిస్తుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆవిడే. కాకపోతే అదే ఇంట్లో మగవాడికి ‘హ్పోన్’ అనే మహిమ ఉంటుందని, ఆడవాళ్ళ లుంగీ ఆరేసిన తాడు కింద నుంచి అతను నడిస్తే ఆ మహిమ పోతుందని నమ్మకం. 2021 మార్చిలో సైన్యానికి ఎదురు తిరిగిన రంగూన్ ఆడవాళ్ళు ఆ లుంగీలనే వీధులకు అడ్డంగా తాళ్ళ మీద వేలాడదీశారు. సైనికులు వాటి కింద నుంచి రావడానికి జంకారు. ఇంత తెలివైన అడ్డుగోడ నేను ఎక్కడా వినలేదు.

గల్లాపెట్టె చేతిలో ఉన్నంత మాత్రాన పడకగదిలో మాట చెల్లుతుందని కాదు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అన్న స్త్రీలు 51 శాతం, మగవాళ్ళు 49 శాతం. కొట్టడం సబబు అనుకునే మనిషి, కొట్టారా అని అడిగితే ఏమని చెబుతుంది? కొన్నిసార్లు అది చెప్పుకోదగ్గ సంగతని కూడా ఆమెకు తోచదు.

ఇంతకీ అడిగిందేమిటో చూడాలి. ఇక్కడ ఏమాటకామాటే చెప్పుకోవాలి, ప్రశ్నలు తయారుచేసినవాళ్ళు మూర్ఖులు కారు. 1979లో ముర్రే స్ట్రాస్ అనే అమెరికన్ సామాజికవేత్త తయారుచేసిన కొలబద్ద నుంచి ఈ ప్రశ్నలు దిగివచ్చాయి. ‘మీ మీద అత్యాచారం జరిగిందా’ అని ఎక్కడా అడగరు. ఆ మాట వినగానే నోరు మూతపడుతుందని వాళ్ళకు తెలుసు. జరిగిన పని పేరు చెప్పి అడుగుతారు. నీకు ఇష్టం లేనప్పుడు భర్త ఒంటి బలంతో లొంగదీసుకున్నాడా, ఇష్టంలేని మరో లైంగిక చర్య బలవంతాన చేయించాడా, బెదిరించో మరో విధంగానో చేయించాడా - ఈ మూడు. ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకోవాలి. ఆ గదిలో ఇంకెవరూ ఉండకూడదు. ఏకాంతం దొరక్కపోతే ఈ భాగం అడగకుండా వచ్చేయాలి. ఇద్దరు తోడికోడళ్ళను అడిగితే ఒకరి సంగతి ఒకరి ద్వారా మగవాళ్ళ చెవిన పడుతుందని, సర్వేయే దెబ్బలకు కారణమవుతుందని ఈ జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇందుకోసం ప్రత్యేకంగా నియమాలు అచ్చువేసింది.

జాగ్రత్త మంచిదే. కానీ దాని పర్యవసానం గమనించండి. ఏ ఇంట్లో భర్త గుమ్మం దగ్గర నుంచి కదలడో, ఏ అత్తగారు మంచం దిగదో, ఆ ఇంటి కోడలు ఈ లెక్కలోకి రాదు. ఆమెను కాపాడటానికే ఆమెను వదిలేశారు. భద్రత ఎంత తక్కువైతే లెక్కకు అందడం అంత కష్టం. ఈ కొలతలో ఉన్న మెలిక ఇది, సర్వే చేసినవాళ్ళ తప్పు కాదు.

ఇక భాష. ‘నీకు ఇష్టం లేనప్పుడు’ అన్న మాట మన తెలుగులోకి తెచ్చుకుని చూడండి. మన పల్లెల్లో పెళ్ళయిన ఆడది ఆ రాత్రి సంగతి చెప్పేటప్పుడు కర్త తాను కాదు. ‘ఆయన ఊరుకోడు’, ‘తప్పదు కదా’, ‘మొగుడన్నాక’ - ఈ మూడు మాటల్లో ఇష్టం అన్న పదానికి చోటెక్కడ? అయిష్టం అంటూ ఒకటి ఉండొచ్చని ముందుగా ఎవరో ఒప్పుకుంటే కదా దానికి విరుద్ధంగా ఏదో జరిగిందని చెప్పడం. ‘తప్పదు కదా’ అన్న ఆవిడ గడిలో ‘లేదు’ అనే పడుతుంది.

ఆ అయిష్టాన్ని చట్టమూ ఒప్పుకోలేదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో భాగం. 1860 నాటి శిక్షాస్మృతిని తెల్లవాళ్ళు అక్కడికీ తీసుకువెళ్ళారు. అందుకే బలాత్కారం అంటే రంగూన్ కోర్టులోనూ సెక్షన్ 375, నిన్నమొన్నటి దాకా కాకినాడ కోర్టులోనూ సెక్షన్ 375. కోరంగి రేవులో ఓడ ఎక్కి ‘రంగం’ పోయిన మన కూలీలతో పాటే ఆ సెక్షన్ కూడా సముద్రం దాటిందనుకోవచ్చు. కూలీలు చాలామంది తిరిగొచ్చారు, సెక్షన్ ఉండిపోయింది. రెండుచోట్లా భార్యకు చట్టంలో మినహాయింపు ఉంది, అంటే భర్తకు. మన దేశంలో 2024 జులై 1న శిక్షాస్మృతి పోయి న్యాయ సంహిత వచ్చింది. 375 కాస్తా 63 అయింది. మినహాయింపు మాత్రం భద్రంగా కొత్త ఇంట్లోకి మారింది. బర్మాలో స్త్రీలపై హింసను అరికట్టే చట్టం ముసాయిదా ఏళ్ళ తరబడి నలిగి, 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కునే నాటికి చట్టం కాకుండానే మిగిలింది.

ఈ సర్వేల గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. చట్టం నేరం కాదన్నదాన్ని సర్వే హింస అని పేరు పెట్టి లెక్కపెట్టింది. మన అయిదో సర్వేలో (2019-21) లైంగిక హింస గురించి చెప్పిన పెళ్ళయిన స్త్రీలలో 82 శాతం మంది చూపించింది ఇప్పటి భర్తనే. పోలీసు లెక్కల్లో ఈ మనిషి ఉండడు. 2022లో దేశం మొత్తం మీద నమోదైన అత్యాచారం కేసులు 31,516 అని నేర గణాంకాల సంస్థ చెప్పింది. ఆ సంస్థ కొలిచేది హింసను కాదు, పోలీస్ స్టేషన్ గడపను. సర్వే కనీసం ఇంటి గడప దాకా వెళ్ళింది.

అయితే ఎవరి ఇంటికి? నాకు ఈ నివేదిక మీద అసలైన అభ్యంతరం ఇది. నమూనా ఇళ్ళు ఎంచడానికి వాడిన జాబితా 2014 జనాభా లెక్కలది. ఆ లెక్కల్లో దేశ జనాభా 5 కోట్ల 14 లక్షలకు పైన. అందులో 12 లక్షల మందిని లెక్కపెట్టలేదు, అంచనా వేసి కలిపారు. వాళ్ళలో 10 లక్షల 90 వేల మంది రఖైన్ రాష్ట్రంలో, తాము రోహింగ్యాలమని చెప్పుకోబోయి లెక్కలో చేరనివాళ్ళు. మిగిలినవాళ్ళు కాచిన్, కరెన్ ప్రాంతాల్లో తిరుగుబాటుదళాల చేతుల్లో ఉన్న ఊళ్ళవాళ్ళు. అంటే లైంగిక హింస ఆరోపణలు అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్న చోట్లలోనే జాబితాకు చిల్లులున్నాయి. ‘జాతీయ’ అన్న మాట ముఖపత్రం మీద ఉంది, దేశం పటం మీద చిరుగులు లోపల ఉన్నాయి.

ఆ చిరుగుల్లో ఏముందో తెలియకపోలేదు. 2002లో షాన్ మానవ హక్కుల సంస్థ, షాన్ మహిళల సంస్థ కలిసి ‘లైసెన్స్ టు రేప్’ అనే నివేదిక తెచ్చాయి. 1996 నుంచి 2001 దాకా సైనికుల చేతుల్లో 625 మంది స్త్రీలు, బాలికలు అత్యాచారానికి గురైన 173 ఘటనలు పేరుపేరునా రాశారు. 83 శాతం ఘటనల్లో నేరస్థులు అధికారులే. నాలుగో వంతు ఘటనల్లో స్త్రీలు చచ్చిపోయారు. 2019 ఆగస్టులో ఐక్యరాజ్య సమితి నిజనిర్ధారణ బృందం ఈ అంశం మీదే ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. ఈ రెండింట్లో ఏదీ శాతం చెప్పలేదు, చెప్పలేదు కూడా. సర్వే చేసేది బతికున్నవాళ్ళను, ఇంట్లో ఉన్నవాళ్ళను. చనిపోయిన స్త్రీ ప్రశ్నపత్రానికి జవాబివ్వదు, బంగ్లాదేశ్ శిబిరంలో ఉన్న స్త్రీ ఏ ఇంటి జాబితాలోనూ ఉండదు.

మనవాళ్ళ సంగతికి వద్దాం. మూడు శాతాన్ని అనుమానించినవాణ్ణి మన అంకెల్ని ఊరికే వదలకూడదు. నాలుగో సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో భర్త చేతిలో హింసకు గురైన స్త్రీలు 43 శాతం, తెలంగాణలోనూ 43 శాతమే. రాష్ట్రం విడిపోయినా దెబ్బలు ఉమ్మడిగానే ఉన్నాయన్నమాట. అయిదో సర్వేలో ఆంధ్ర 30 శాతానికి దిగింది, తెలంగాణ 37 దగ్గర ఆగింది. భాష ఒకటి, ప్రశ్నపత్రం ఒకటి, అడిగింది కూడా 2019 రెండో సగంలోనే, కరోనా రాకముందు. అయిదారేళ్ళలో ఆంధ్ర భర్తలు అంత మారారా? మారితే సంతోషమే. కానీ అదే సర్వేలో భర్త కొట్టడం సబబే అన్న స్త్రీలు ఆంధ్రలో 83.6 శాతం, తెలంగాణలో 83.8 శాతం. అభిప్రాయం కదలలేదు, దెబ్బ మాత్రం కదిలిందంటే నమ్మడం కష్టం. అడగడానికి వెళ్ళిన అమ్మాయిలకు ఇచ్చిన శిక్షణ, గంట సేపు ప్రశ్నలయ్యాక ఈ భాగానికి వచ్చేసరికి ఇద్దరికీ ఉన్న ఓపిక, రోజుకు ఇన్ని ఇళ్ళు అన్న ఒత్తిడి - ఇవీ శాతాలను కదుపుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వెలువరించిన పది దేశాల అధ్యయనం కేవలం ఈ విషయం మీదే చేసింది, అడిగేవాళ్ళకు వారాల తరబడి శిక్షణ ఇచ్చి. దోమతెరల ప్రశ్నల తోకగా అడిగినదాన్ని దానితో సమంగా తూచలేం.

ఇంత చెప్పాక సర్వేలే వద్దనే మిత్రులూ ఉన్నారు. కథలు చాలు, అంకెలెందుకంటారు. నేను ఒప్పుకోను. రంగూన్‌లోని జెండర్ ఈక్వాలిటీ నెట్‌వర్క్ ఈ సర్వేకు ముందే రంగూన్, మౌలమ్యైన్ స్త్రీలు కొద్దిమందితో కూర్చుని వాళ్ళ జీవితాలు విని పుస్తకం వేసింది. సర్వే చెప్పలేని చాలా సంగతులు అందులో ఉన్నాయి. కానీ ‘అదెక్కడో ఒకటీ అరా’ అని తోసేసే మంత్రిగారి నోరు మూయించడానికి ఆ పుస్తకం చాలదు. మూడు శాతమే అనుకున్నా, ఆ వయసు స్త్రీలు కోటిమందే అని తక్కువ లెక్క వేసుకున్నా, మూడు లక్షల మంది. ఆ అంకెను ‘ఇంతే’ అని కాకుండా ‘ఇంతకు తక్కువ కాదు’ అని చదివితే చాలు, అది పనికొస్తుంది. ఇటువైపువాళ్ళు కూడా ‘ముగ్గురిలో ఒకరు’ అన్న ప్రపంచ సగటును తెచ్చి ప్రతి ఊరికీ అతికించడం మానేయాలి. అది ఏ వయసువాళ్ళది, ఏ హింసది, జీవితకాలానిదా గత ఏడాదిదా అన్నది చెప్పకుండా వాడితే అవతలివాడు అన్నిటినీ కలిపి కొట్టిపారేస్తాడు.

ఇప్పుడు ఆ కనీసపు అంకె కూడా పాతబడిపోతోంది. బర్మాలో రెండో సర్వే నివేదిక ఇంతవరకు రాలేదు. 2024 అక్టోబరులో సైనిక ప్రభుత్వం జనాభా లెక్కలు మొదలుపెడితే 330 తాలూకాల్లో పూర్తిగా లెక్కపెట్టగలిగింది 145. వాళ్ళు ప్రకటించిన 5 కోట్ల 13 లక్షల్లో 1 కోటీ 91 లక్షల మంది ఒట్టి అంచనా. 2014లో చిల్లులుగా ఉన్నది ఇప్పుడు పటంలో మూడో వంతుకు మించింది. అక్కడి నుంచి తీసే ఏ నమూనా అయినా ఎవరి నమూనా అవుతుంది? దానికి తోడు ఇలాంటి సర్వేలను నాలుగు దశాబ్దాలుగా పేద దేశాల్లో నడిపించిన అమెరికా కార్యక్రమం 2025 ఫిబ్రవరిలో డబ్బు ఆగి మూతపడింది.

2015-16 సర్వేలో శారీరక, లైంగిక హింసను చెప్పుకున్నవాళ్ళలో 37 శాతం మంది అంతకుముందు సాయం కోరలేదు, ఎవరికీ చెప్పలేదు. మన అయిదో సర్వేలో అలాంటివాళ్ళు 77 శాతం. వాళ్ళు మొదటిసారి చెప్పుకున్నది ప్రశ్నపత్రం పట్టుకుని వచ్చిన ఒక పరాయి అమ్మాయికి. ఈ భాగం అయ్యాక ఆ అమ్మాయి తనంతట తాను నింపాల్సిన గడి ఒకటి ఉంటుంది. అడుగుతుండగా ఎవరైనా వినబోయారా, లోపలికి వచ్చారా, అడ్డుపడ్డారా? భర్తా, ఇంకో మగవాడా, ఇంకో ఆడమనిషా? ఒకసారా, అంతకన్నా ఎక్కువసార్లా? నివేదిక చదివేవాళ్ళ కళ్ళు ఆ గడి దాకా పోవు. నేనైతే ఆ గడి జవాబులను మూడు శాతం పక్కనే అచ్చువేసేవాణ్ణి.