కారం పడక ముందు తీసిన గిన్నె

గోదావరి లంకల పక్క ఊళ్ళో మా ఇంట్లో పొద్దున్నే ఎసరు పెట్టే ముందు మామ్మ తలలు లెక్కపెట్టేది. పదహారుమందిమి, అందులో ఏడుగురం పిల్లలం. చుట్టం ఎవరైనా దిగితే మామ్మ కంగారుపడేది కాదు. బియ్యం ఇంకో గిద్దెడు పోసి, చారులో చెంబుడు నీళ్ళు, దానికి తగ్గ చింతపండు వేసేది. చారు పలచబడిందని ఎవరికీ తెలిసేది కాదు, ఎందుకంటే ఇంగువ పోపు ఆఖరున, వడ్డించే ముందు పడేది.

పొదుపు వంట అంటే తక్కువ వండటం అనుకుంటాం. మామ్మ వంటింట్లో నేను చూసింది వేరు. అక్కడ పొదుపంతా ఏది ఎప్పుడు తీయాలో తెలియడంలో ఉండేది. ఒకే గిన్నె ఉడుకుతూ ఉంటే, దాంట్లోంచి ఏ దశలో ఎవరి వాటా బయటికి రావాలో ఆవిడ చేతికి తెలుసు. పళ్ళు రాని పిల్లకీ, బడికెళ్ళే పిల్లాడికీ, పొలం నుంచి వచ్చిన బాబాయికీ, పథ్యం మీదున్న తాతయ్యకీ వేరే వేరే వంటలు చేసే తీరిక, కట్టెలు, పప్పు ఆ ఇంట్లో లేవు.

కందిపప్పుతోనే చెబుతాను. తవ్వెడు పప్పు దోరగా వేయించి, కడిగి, పసుపు, చుక్క ఆముదం వేసి నీళ్ళు ధారాళంగా పోసి పొయ్యి మీదకి ఎక్కించేది. పప్పు మెత్తబడ్డాక గరిటె పెట్టి కలపనిచ్చేది కాదు. పైన తేరిన పసుపు పచ్చని నీళ్ళని నెమ్మదిగా వంచేది. అది కట్టు. అందులో మెత్తటి అన్నం మెదిపి, చిటికెడు ఉప్పు, నెయ్యి చుక్క వేస్తే చంటిపిల్లకి భోజనం. అప్పుడు అడుగున మిగిలిన పప్పుని పప్పుగుత్తితో ఎనిపి, ఉప్పు వేసి, పిల్లల గిన్నెలోకి ముద్దపప్పు తీసేది. ఆ తరవాతే పెద్దల వాటాలో ఉడికించిన తోటకూరో మామిడికాయ ముక్కలో, పచ్చిమిరపకాయలో కలిసేవి. మిగిలిన కట్టులో చింతపండు రసం, చారుపొడి, చిన్న బెల్లం ముక్క వేసి మరిగిస్తే కట్టు చారు. తవ్వెడు పప్పు, నాలుగు వయసులు.

ఉప్పు ముందు, పులుపు తరవాత, కారం ఆఖరున అన్న ఈ వరస నోరు మండే పిల్లల కోసమే పుట్టలేదు. పులుపు పడితే పప్పు త్వరగా ఉడకదు. గింజ మెత్తబడాలంటే దాని గోడల్ని పట్టి ఉంచే జిగురు కరగాలి, చింతపండులోని ఆమ్లం దాన్ని తొందరగా కరగనివ్వదు. పులుపు ముందే వేస్తే ఇంకో అరగంట కట్టెలు కాలాలి. కాబట్టి పిల్లల గిన్నె ముందే పక్కకి తీయడం, కట్టెలు ఆదా చేయడం ఒకే పనిలో జరిగిపోయేవి. ఇలాంటి చోటే నాకు ఈ వంట మీద గౌరవం పెరుగుతుంది.

అన్నం సంగతి కూడా అంతే. ఇద్దరు ముగ్గురికైతే అత్తెసరు పెట్టొచ్చు, నీళ్ళు సరిగ్గా ఇగిరిపోతాయి. పదహారు మందికి ఆ లెక్క తప్పితే కింద మాడు, పైన పలుకు. అందుకని పెద్ద గిన్నెలకి గంజి వార్చడమే పద్ధతి. వార్చిన గంజితో పాటు బియ్యంలోని బి విటమిన్లు కొంత బయటికి పోతాయి. దాన్ని పారబోసే ఇల్లు నష్టపోయినట్టే. మా ఇంట్లో వేడి గంజిలో ఉప్పు, పల్చటి మజ్జిగ కలిపి బడి నుంచి వచ్చిన పిల్లలకి గ్లాసుల్లో పోసేవారు. కొంత తాతయ్య పంచెలకి పెట్టేవారు. మిగతాది కుడితి తొట్టిలోకి, అంటే చివరికి పాల రూపంలో మళ్ళీ మా ఇంటికే వచ్చేది.

రాత్రి అన్నం మిగిలితే మామ్మ ముఖం వెలిగేది, మర్నాటి పొద్దుటి బెంగ తీరిందని. చల్లారిన అన్నాన్ని మట్టికుండలోకి తీసి, గోరువెచ్చని పాలు, నీళ్ళు పోసి, చెంచాడు మజ్జిగ తోడు వేసేది. తోడు రాత్రే పడాలి. ఊరికే వదిలేసిన అన్నం చెడుతుంది. తోడు పడ్డ అన్నం పులుస్తుంది, ఆ పులుపే దాన్ని కాపాడుతుంది. పెద్దలు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకునేవారు. మాకు ఆవకాయలో ముక్క మాత్రం తీసి, నీళ్ళలో ఒకసారి ముంచి కారం కడిగి ఇచ్చేవారు. కడిగిన ఆవకాయ ముక్క రుచి ఈ తరం పిల్లల్లో ఎంతమందికి తెలుసో!

పొద్దుట పలహారం మరో ఇబ్బంది. పదహారు మందికి దోసెలు పోయాలంటే ఒక మనిషి పొయ్యి దగ్గరే నిలబడిపోవాలి. అందుకే దిబ్బరొట్టె. ఒక వంతు పొట్టు మినప్పప్పు రుబ్బి, రెండు వంతులు బియ్యపు రవ్వ కలిపి, మందపాటి ఇనుప మూకుట్లో అరచేతి మందాన పోసి, మూత పెట్టి, మూత మీద నాలుగు నిప్పులు వేసి వదిలేయడమే. ఈలోగా ఇంకో పని చూసుకోవచ్చు. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. ముక్కలుగా కోస్తే ఒక రొట్టె ఐదారుగురికి. పిల్లలకి బెల్లం పాకం, పెద్దలకి పచ్చడి. తెలంగాణలో సర్వపిండిదీ ఇదే తెలివి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి గిన్నె లోపలి గోడలకే తట్టి, వేలితో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేస్తారు. తక్కువ నూనె అంతటా అందడానికే ఆ చిల్లులు. కారం కలపక ముందు పిల్లల ముద్ద తీసి పెట్టడం అక్కడా నడుస్తుంది.

మెట్ట ప్రాంతాల్లో బియ్యమే కరువైన ఇళ్ళు ఎన్నో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చే ముందు చాలామందికి వరన్నం పండగ కూడు. రాయలసీమ సంగటిలో గుప్పెడు నూకలు ముందు ఉడికించి, రాగిపిండి పోసి తెడ్డుతో గెలికి ముద్దలు చేస్తారు. రాగుల్లో సున్నం పుష్కలం. ఎదిగే పిల్లలకి ఆ ముద్దని బెల్లం, నెయ్యితోనో పాలతోనో పెట్టే తల్లులు దాన్ని లోటుగా చూడలేదు, నేనూ చూడను.

కూరల దగ్గరికొస్తే, మామ్మ చేతిలో తొక్క వృథా అయ్యేది కాదు. బీరకాయ కూరకి, పొట్టు పచ్చడికి. ఆనపకాయ పులుసుకి, దాని తొక్క నువ్వులతో కలిసి రోట్లోకి. వేపుళ్ళు ఆదివారమే, నూనె ఖర్చు కనుక. మిగతా రోజులు గుమ్మడికాయ, ములక్కాడ వేసిన బెల్లం పులుసు, తీపి ఉంది కాబట్టి పిల్లలు గొడవ చేయకుండా ముక్కలు తినేవారు. గుడ్లు ఆరే ఉంటే పదహారుమందికి ఎలా? శేరు ఉల్లిపాయలు మగ్గించి ఆరు గుడ్లు కొట్టి పొరటు చేస్తే అందరి విస్తట్లోనూ గుడ్డు వాసన ఉండేది. గుప్పెడు ఎండురొయ్యలు ఆనపకాయలో పడితే ఆ రోజు నీచు కూర తిన్నట్టే.

ఇక పెట్టే తీరు. ఇదే అన్నిటికన్నా గొప్ప కిటుకని నా నమ్మకం. పిల్లలకి కంచాలు పెట్టేవారు కాదు. పెద్ద ఇత్తడి పళ్ళెంలో ఏడుగురి అన్నం ఒకేసారి కలిపి, చుట్టూ కూర్చోబెట్టి, చేతికో ముద్ద పెట్టుకుంటూ వచ్చేది మామ్మ. మొదటి వాయి వేడన్నం, కందిపొడి, నెయ్యి. రెండో వాయి ముద్దపప్పు, అందులో ఆకుకూర కనపడకుండా మెదిపి. మూడోది చారు, నాలుగోది పెరుగు, ఎండాకాలం అయితే అందులో మామిడిరసం. తన వంతు వచ్చేలోగా ముందు ముద్ద మింగేయాలి, లేకపోతే వరస దాటిపోతుంది. ఈ తొందరలో నాకిది వద్దు అనడానికి వ్యవధి లేదు. కంచంలో వదిలేసేది లేదు, ఎవరికి ఎక్కువ పడిందన్న పోట్లాట లేదు. అన్నంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ అన్నంలో ఉంటుంది. రెండూ ఒకే ముద్దలో పిల్లల కడుపులోకి వెళ్ళేవి. ఇలా ముద్దలు పెట్టే తీరుని గుర్తుచేసేలా, బడి భోజన పథకానికి ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గోరుముద్ద అని పేరు పెట్టారు. ఇప్పుడున్న పేరు లంకల గన్నవరంలో వచ్చిన బాటసారికల్లా వండిపెట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మది. రెండు పేర్లూ వంటింట్లోంచి వచ్చినవే.

ఒక మాట దాచకూడదు. ఆ పళ్ళెం ఖాళీ అయ్యాక, మగవాళ్ళ విస్తళ్ళు లేచాక, అమ్మ, పెద్దమ్మ, పిన్ని కూర్చునేవారు. అప్పటికి పప్పు గిన్నె గోడలకే ఉండేది. కూర అయిపోయి పచ్చడితో సరిపెట్టుకున్న రోజులు నేను కళ్ళారా చూశాను. ఆ ఇంటి పొదుపులో కొంత వాళ్ళ కడుపుల్లోంచి వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి మించిన ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. ఆఖరున తినే అలవాటు ఒక్కటే దానికి కారణం అనను. కానీ పిల్లల గిన్నె ముందే పక్కకి తీయడం తెలిసిన చేతికి, వండిన మనిషి గిన్నె కూడా ముందే తీయడం కష్టమేమీ కాదు.

మా ఇంట్లో ఇప్పుడు కట్టెల పొయ్యి లేదు, కుక్కర్ ఉంది. వేసవి సెలవులకి అక్కల పిల్లలు, తమ్ముడి పిల్లలు కలిసి తొమ్మిది మంది వస్తారు. కుక్కర్లో పప్పుకి నీళ్ళు ఎక్కువే పోస్తాను, కట్టు తీయాలి కదా. మూత తీయగానే నాలుగు గిన్నెలు వరసగా పెడతాను. చిన్నదానికి కట్టు, పిల్లలకి ముద్దపప్పు, మాకు మామిడికాయ పప్పు. నాలుగోది మూత పెట్టి పైఅరలో ఉంటుంది. అది మా మరదలిది, పిల్లలకి ముద్దలు పెట్టే పని ఈసారి తన వంతు.