ఒక బండి, ఇద్దరు, చలికాలపు దీవులు

మధ్యధరా సముద్రంలోని దీవులను జంటగా, ఒకే మోటారు సైకిలుపై చుట్టిరావడం ఐరోపాలో బాగా వేళ్లూనుకున్న యాత్రా సంప్రదాయం. వేసవి జనం వెళ్లిపోయాక, అంటే అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా, ఈ యాత్ర చేయడానికి మరింత నేర్పు, మరింత ఓర్పు కావాలి. పర్యాటక వ్యాపారం ఈ నెలలను ‘ఆఫ్ సీజన్’ అంటుంది. అయితే గిరాకీ లేని కాలమన్న ఆ లెక్క హోటళ్లకే వర్తిస్తుంది. గొర్రెలు కాచేవారికి, పొలం దున్నేవారికి అవే నిండుగా పని ఉండే నెలలు. ఈ యాత్రలోని మెలకువలకూ, దాని విలువకూ ఈ తేడాయే మూలం.

ఇటువంటి యాత్రకు బాగా ఒదిగేవి కోర్సికా, సార్డీనియా దీవులు. ఫ్రాన్సుకు చెందిన కోర్సికా విస్తీర్ణం సుమారు 8,700 చదరపు కిలోమీటర్లే అయినా, అందులోని చింతో శిఖరం 2,706 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఇటలీకి చెందిన సార్డీనియా దాదాపు 24,000 చదరపు కిలోమీటర్లతో సిసిలీ తరువాత ఈ సముద్రంలో రెండవ పెద్ద దీవి. రెంటినీ వేరుచేసే బొనిఫాసియో జలసంధిని, అంటే రెండు భూభాగాల మధ్యనున్న ఇరుకైన సముద్రపు పాయను, ఫెర్రీ గంటలోపే దాటిస్తుంది. చాలాచోట్ల కొండలు నేరుగా సముద్రంలోంచే లేచినట్టుండటం వల్ల, రెండు దీవుల్లోనూ రోడ్లు ఎక్కువగా ఘాట్ రోడ్లే, ప్రయాణంలో చాలాభాగం మలుపులే.

జంట ప్రయాణంలో మొదటి పాఠం బరువు గురించి. వెనక మరొకరు కూర్చోగానే బండి గరిమనాభి, అనగా మొత్తం బరువు ఒక్కచోటే ఉన్నదని లెక్కించదగిన బిందువు, కొంత పైకీ, కొంత వెనక్కీ జరుగుతుంది. అందువల్ల ముందు చక్రం తేలికవుతుంది, వెనక షాక్ అబ్జార్బరు కుంగుతుంది, హెడ్‌లైటు వెలుగు రోడ్డును వదిలి పైకి లేస్తుంది. అందుకే బయలుదేరే ముందే ప్రీలోడ్ అనే వెనక స్ప్రింగు బిగువును పెంచి, టైర్లలో గాలిని బండితో వచ్చిన పుస్తకంలో ఇద్దరికని చెప్పిన అంకెకు సరిచేసి, బరువైన సామానును పక్క పెట్టెల అడుగున, బండి నడుముకు దగ్గరగా సర్దుతారు. సీటు వెనక పైన బిగించే పెట్టెలో వాన కోట్లు, చేతి తొడుగులు వంటి తేలిక వస్తువులే ఉండాలి. అక్కడ బరువు పెరిగేకొద్దీ మలుపులో బండి ఊగుతుంది.

వెనక కూర్చునేవారికి కూడా అంతే శిక్షణ అవసరం. నడిపేవారు రెండు కాళ్లూ నేల మీద ఊని, ముందు బ్రేకు పట్టుకుని, తల ఊపిన తరువాతే ఎక్కాలి. కుడివైపు మలుపులో నడిపేవారి కుడి భుజం మీదుగా, ఎడమవైపు మలుపులో ఎడమ భుజం మీదుగా రోడ్డును చూస్తే చాలు, శరీరం తనంతట తానే బండితో పాటు తగినంత వాలుతుంది. భయపడి ఎదురువైపు వంగితే బండి గీత తప్పి మలుపు వెలుపలికి పోతుంది. బ్రేకు పడినప్పుడు తమ బరువు ముందున్నవారి వీపు మీద పడకుండా, పెట్రోలు ట్యాంకు మీద అరచేతులు ఆన్చి ఆపుకోవాలి. హెల్మెట్లలో మాట వినిపించే పరికరాలు వచ్చినా, భుజం మీద ఒక తట్టుకు ఒక అర్థం, రెండు తట్లకు మరో అర్థం అని ముందే అనుకోవడం మంచిది. ఎదురుగాలి హోరులో ఆ తట్లే పనికొస్తాయి.

ఈ నేర్పు అంతా సార్డీనియా తూర్పు తీరపు 125వ నంబరు రోడ్డు మీద, దోర్గాలి, బౌనెయి ఊళ్ల మధ్య, పరీక్షకు నిలుస్తుంది. 1,017 మీటర్ల ఎత్తున ఉన్న జెన్నా సిలానా కనుమ దాకా పాకే ఆ రోడ్డులో, శీతకాలపు ఉదయాన ఎండ తగిలే మలుపు పొడిగా, వేడిగా ఉంటే, దాన్ని దాటగానే నీడలోని మలుపు రాత్రి మంచుతో ఇంకా తడిగానే ఉంటుంది. దాని మీద రాలిన ఓక్ ఆకులు, సున్నపురాతి కొండ నుంచి జారిన కంకర పరుచుకుని ఉంటాయి. అందువల్ల వేగం తగ్గించే పని మలుపులోకి దిగకముందే ముగించి, లోపల బ్రేకు తాకకుండా, సమానమైన వేగంతో బయటికి రావాలి. ఇద్దరి శ్వాసా ఒకే లయలో సాగిననాడు ఆ రోడ్డు ఎంత సులువుగా సాగిపోతుందో, ఒకరు బిగుసుకున్ననాడు అంత శ్రమ పెడుతుంది.

రెండవ పాఠం గాలి గురించి. వాయవ్యం నుంచి వీచే చలిగాలిని ఫ్రాన్సులో మిస్ట్రాల్ అనీ, సార్డీనియాలో మాయెస్ట్రాలే అనీ అంటారు. బొనిఫాసియో ఇరుకులో అది మరింత ఉధృతమై ఫెర్రీలను సైతం ఆపేస్తుంది. దక్షిణం నుంచి వచ్చే సిరొక్కో సహారా ధూళిని మోసుకువస్తుంది. వానతో కలిసి పడిన ఆ ధూళి రోడ్డు మీద జారుడు పొరగా మిగులుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు ఉన్నా, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే శరీరానికి అది 4 డిగ్రీల చలిలా తగులుతుంది. ముందున్నవారి చాటున కదలకుండా కూర్చున్నవారు తెలియకుండానే బిగుసుకుపోతారు గనుక, గంటకొకసారి ఆగి నాలుగడుగులు నడవడం మంచిది. డిసెంబరులో పగలు తొమ్మిది గంటల పైచిలుకే కాబట్టి, రోజుకు 150 కిలోమీటర్లకు మించి పెట్టుకోకపోవడం వివేకం.

ఫెర్రీ ఎక్కడంలోనూ ఒక పద్ధతి ఉంది. తడిసిన ఇనుప వాలు మీద బ్రేకు నొక్కకుండా, నెమ్మదిగా, నిటారుగా లోపలికి తీసుకుపోయి, సైడ్ స్టాండు వేసి, మొదటి గేరులో ఉంచి ఇంజను ఆపుతారు. తరువాత సీటు మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీదుగా పట్టీని నేలలోని కొక్కేలకు బిగిస్తారు. ఓడ సిబ్బంది కట్టినా, వదులుగా ఉందేమో ఒకసారి లాగి చూసుకోవాలి, ఎందుకంటే ఓడ కదిలాక బండ్ల అంతస్తులోకి ఎవరినీ రానివ్వరు.

ఇంత శ్రమకు దక్కే ఫలం మొదట రోడ్డు మీదే కనిపిస్తుంది. యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన కోర్సికాలోని పియానా ఎర్ర రాతి కొండల నడుమ, వేసవిలో బస్సులతో కిక్కిరిసే సన్నని రోడ్డు చలికాలంలో ఖాళీగా ఉండి, సాయంత్రపు ఎండలో ఆ రాళ్లు నిప్పుకణికల్లా మారడాన్ని నింపాదిగా చూడనిస్తుంది. వేసవిలో ఎండి గోధుమరంగుకు తిరిగే సార్డీనియా, వానల తరువాత పచ్చగా ఉంటుంది. ఈనిన గొర్రెల మందలు రోడ్డు దాటుతుంటే హారను మోగించకుండా బండి ఆపి దారివ్వడం అక్కడి మర్యాద. సుమారు 16 లక్షల మంది ఉన్న ఆ దీవిలో గొర్రెలు దాదాపు 30 లక్షలు.

రెండవ ఫలం భోజనపు బల్ల దగ్గర దొరుకుతుంది. సార్డీనియా తీరంలోని పెద్ద హోటళ్లు మూతపడినా, ‘అగ్రితురిజ్మో’ అనే రైతు ఇళ్ల బసలు కొన్ని తెరిచే ఉంటాయి. అక్కడ పెట్టే ‘పానే కరసావు’ అనే రొట్టెను పొయ్యిలో పూరీలా పొంగించి, రెండు పలుచటి రేకులుగా చీల్చి, మళ్లీ కాల్చి కరకరలాడేలా చేస్తారు; నెలల తరబడి కొండల్లో గడిపే కాపరులు పాడవని తిండిగా దాన్ని వెంట తీసుకుపోయేవారు.

మూడవ ఫలం పండుగ. జనవరి 16 సాయంత్రం సార్డీనియాలోని మమోయాదా గ్రామంలో సెయింట్ ఆంటొనీ పేర వీధివీధినా మంటలు వేస్తారు. మర్నాడు మముథోనెస్ అనే వేషధారులు నల్లని కొయ్య ముసుగులు, గొర్రెతోలు ధరించి, వీపున సుమారు 30 కిలోల ఇత్తడి, ఇనుప గంటలు మోస్తూ, అందరూ ఒకే అడుగు వేసి ఒక్కసారిగా వాటిని మోగిస్తారు. ఈ పండుగ పర్యాటకుల కోసం కల్పించినది కాదు. వేసవిలో వచ్చిపోయేవారికి అసలు రోజున ఎన్నడూ కనిపించదు.

చలికాలంలో వెళ్లడంలో న్యాయమూ ఉంది. 1960ల నుంచి విలాస విహారాలు పెరిగిన తీరానికి వేసవి డబ్బు చేరుతుంటే, యువత వలసపోతున్న లోపలి గ్రామాలకు చలికాలంలో వచ్చే ఒక జంట బస ఖర్చు, భోజనం ఖర్చు సైతం విలువైనవే. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లదలచినవారు షెంగెన్ వీసాతో పాటు, ఇక్కడి లైసెన్సు మీద రవాణా శాఖ ఇచ్చే, ఏడాదిపాటు చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే, బండిని అక్కడే అద్దెకు తీసుకోవచ్చు. అయితే అంతకుముందు మన ఘాట్ రోడ్ల మీదే, నిండు సామానుతో, ఇద్దరూ కొన్నాళ్లు సాధన చేయాలి. వేసవి ఆ దీవుల అందాన్ని చూపిస్తుంది. వాటి బతుకు తెలియాలంటే చలికాలంలోనే వెళ్లాలి.