చదివింపుల పుస్తకం

ఈ వారం నా కోపానికి కారణం ఒకే ఒక్క లైను. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు "సార్, ఎర్రర్ పోయింది" అంటూ వచ్చాడు. ఎలా పోయిందా అని చూద్దును కదా, చెక్‌ఫర్‌ఇల్లీగల్‌క్రాస్‌థ్రెడ్‌కాల్స్‌ని ఫాల్స్ చేసిపెట్టాడు. దొంగను చూసి మొరుగుతున్న కుక్కకి మూతి కట్టేశాడన్నమాట.

నా పాత పాట మీకు తెలిసిందే: ఎర్రర్ మన శత్రువు కాదు. విండోస్ ఫామ్స్‌లో లేబుల్‌నైనా గ్రిడ్‌నైనా దాన్ని పుట్టించిన థ్రెడ్డే ముట్టుకోవాలి. డాట్‌నెట్ 1.1 ఈ తప్పు పట్టుకునేది కాదు. ప్రోగ్రామ్ ఎప్పుడో చెప్పాపెట్టకుండా బిగుసుకుపోయేది. 2005లో వచ్చిన 2.0 నుంచి, డీబగ్గర్‌లో నడిపితే అక్కడికక్కడే మొరుగుతుంది.

మా ఊరి పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం మా పెదనాన్న చేతిలో ఉండేది. డబ్బు ఎవరైనా తేవచ్చు, రాసేది ఆయనొక్కడే. ఒకసారి జనం ఎక్కువయ్యారని మా బాబాయి అదే పేజీలో అటువైపు నుంచి రాయడం మొదలెట్టాడు. ఎవరివో నూటపదహార్లు రెండుసార్లు పడ్డాయి. మా మేనత్త వెయ్యినూటపదహార్లు అసలు పడనేలేదు. ఆవిడ ఆ తర్వాత పదేళ్లు మా గడప తొక్కలేదు.

తర్వాతి పెళ్లికి చీటీలొచ్చాయి. పేరూ అంకే రాసి పళ్లెంలో వేసి బంతికి వెళ్లిపోతే అది బిగిన్‌ఇన్వోక్. రాసేదాకా నిలబడితే ఇన్వోక్. నిలబడ్డంలో ఓ చిక్కుంది. "సంచీ ఇస్తేగానీ కలం కదపను" అని పెదనాన్న, "నా పద్దు రాస్తేగానీ సంచీ ఇవ్వను" అని బాబాయి భీష్మించుకుంటే, బంతులన్నీ లేచిపోయినా ఇద్దరూ అక్కడే. డెడ్‌లాక్ అంటే అదే.

ఇదంతా చెప్పి బిగిన్‌ఇన్వోక్ రాయిద్దామనుకున్నాను. కుర్రాడు మెల్లగా అన్నాడు: "నేను థ్రెడ్డేదీ పెట్టలేదు సార్. మీ ఈవెంట్‌కి హ్యాండ్లర్ తగిలించానంతే."

నిజమే. ఈవెంట్‌ని ఏ థ్రెడ్ లేపితే హ్యాండ్లరూ దానిమీదే నడుస్తుంది. ఆ ఈవెంట్‌ని వెనక థ్రెడ్ మీంచి లేపే క్లాసు రాసింది నేనే, ఎనిమిదేళ్ల కిందట. ఆ థ్రెడ్ సంగతి కామెంట్‌లో కూడా ఒక్క ముక్క లేదు.

అదే 2.0తో వచ్చిన బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్‌కి నాకు లేని మర్యాద ఉంది. పని మొదలుపెట్టిన చోటి సింక్రనైజేషన్‌కాంటెక్స్ట్‌ని గుర్తుపెట్టుకుని, ప్రోగ్రెస్ కబురు అక్కడికే చేరుస్తుంది. వినేవాడికి థ్రెడ్ గొడవే ఉండదు. చీటీ రాయాల్సింది చదివింపు తెచ్చినవాడే కదా!

కుర్రాడి లైను ఒకటి తీసేశాం. నా క్లాసులో ఆరు లైన్లు చేర్చాం.