ముఖం మీద చన్నీళ్ళు

పదిహేనేళ్ళ పిల్ల దభాలున తలుపేసుకుంటే మన నవలల్లో ఏమవుతుంది? దిండు తడుస్తుంది. తల్లి తలుపవతల నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. అలాంటి అధ్యాయాలు నేనూ రాశాను, ఒకటి కాదు. మొన్న వేసవిలో మా మేనకోడలు నిజంగానే తలుపేసుకున్నప్పుడు అవేవీ నాకు అక్కరకు రాలేదు.

అప్పుడు చదివాను, జిల్ రాథస్, అలెక్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2015లో తెచ్చిన పుస్తకం. మార్షా లినెహాన్ సియాటిల్‌లో రూపొందించిన డి.బి.టి. అనే చికిత్సని టీనేజి పిల్లలకి తగ్గట్టు మలిచారు. కథ లేదు, వర్ణన లేదు. వంటల పుస్తకంలా అన్నీ 'ఇలా చెయ్యండి'లే. ఆవేశం తలకెక్కితే ఊపిరి బిగబట్టి ముఖాన్ని అరనిమిషం చన్నీళ్ళలో ముంచమంటారు. గుండె వేగం నెమ్మదిస్తుంది. (గుండెజబ్బున్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.) "మొహాన కాసిని చన్నీళ్ళు కొట్టుకుని రా, తర్వాత మాట్లాడదాం" అనేది మా అమ్మమ్మ. ఆవిడకి డిగ్రీ లేదు లెండి!

నన్ను కట్టిపడేసింది 'మధ్యేమార్గం' అన్న భాగం. వారం వారం పిల్లలతోపాటు తల్లిదండ్రులూ అదే గదిలో కూర్చుని నేర్చుకోవాలి, హోంవర్కు కూడా చెయ్యాలి. అవతలివాళ్ళ బాధ నిజమేనని గుర్తించడం వేరు, వాళ్ళడిగినదానికల్లా తలూపడం వేరు అని అక్కడ నేర్పుతారు. "ఏడవడానికి ఏమొచ్చిందే నీకు?" అంటుంది మా వదిన. మా అమ్మాయితో నేనూ అన్నాను. ప్రేమతోనే అంటాం. వినే పిల్లకి మాత్రం 'నీదంతా నటన' అన్నట్టే వినపడుతుంది.

నచ్చనిదీ ఉంది. ప్రతి నేర్పుకీ ఓ పొడి అక్షరాల పేరు. కావలసింది అడగడానికి 'డియర్ మాన్'ట! వెక్కుతున్న పిల్లకి అక్షరాలు గుర్తొస్తాయా? అంతకన్నా పెద్ద సంగతి, ఇది ప్రాణం తీసుకోవాలన్నంత బాధలో ఉన్నవాళ్ళ కోసం పుట్టిన చికిత్స. బడిలో అందరికీ పాఠంగా చెబితే మంచిదే కదా అని ఆస్ట్రేలియాలో వెయ్యిమందికి పైగా పిల్లలతో చేసి చూశారు. 2023లో ఫలితాలొచ్చాయి. పాఠాలు విన్నవాళ్ళలో దిగులూ ఆందోళనా తగ్గకపోగా కాస్త పెరిగాయి, అమ్మానాన్నలతో సఖ్యత తగ్గింది. మన బడులవాళ్ళు ఉత్సాహపడేముందు ఈ ముక్క చదవాలి.

పుస్తకం వదినకిచ్చాను. "ఈ వయసులో నేనూ బడికెళ్ళాలా?" అని టీవీ పక్కన పడేసింది. నాలుగురోజుల తర్వాత చూస్తే మధ్యేమార్గం దగ్గర పేజీ మడిచి ఉంది. తల్లి మడిచిందో కూతురు మడిచిందో నేనడగలేదు.